కొమ్మకు వేళ్లు పుట్టించుట

తెలుగువారి పెరటిలో మల్లెపొద లేని యిల్లు అరుదు. ఆ మల్లె ఎక్కడినుండి వచ్చినదని అడిగినచో సామాన్యముగా వచ్చు సమాధానము ఒక్కటే. పుట్టింటినుండి తెచ్చుకొన్నామనియో, పొరుగింటి పిన్నిగారు ఇచ్చినారనియో చెప్పుదురు. అంగడిలో విత్తనము కొని మల్లెను పెంచినవారు కానరారు. దానికి కారణము కలదు. రేకులు ముద్దగానుండు బొండుమల్లె విత్తనము కట్టుట మిక్కిలి అరుదు. కావున ఈనాడు మన యిండ్లలో పూయుచున్న ఆ మల్లెలన్నియు ఒక పొదనుండి విరిచిన కొమ్మవలననో, మన్ను కప్పి వేళ్లు పట్టించిన తీగవలననో కలిగినవే. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి, ఒక తరమునుండి మరియొక తరమునకు ఆ కొమ్మ నడచి వచ్చినది. ఎక్కడనైనను ఆ చేయి తప్పినచో ఆ మొక్క అక్కడితో ఆగిపోవును.

ఇప్పుడు పట్టణములలో పాత పెంకుటిండ్లు పడగొట్టి అంతస్తుల మేడలు కట్టుచున్నారు. ఇల్లు పడగొట్టునాడు సామాను బండి యెక్కును, తలుపులు ద్వారబంధములు అమ్ముడుపోవును. పెరటిలోని దానిమ్మయు, మల్లెయు, ముద్దమందారమును మట్టిలో కలియును. పెరుగు నేల చాలకపోయినను, ఒక జానెడు కొమ్మకు వేళ్లు పుట్టించు విద్య తెలిసినచో ఆ చెట్టు క్రొత్త యింటి వసారాలో కుండీలోనైనను బ్రతుకును. ఆ విద్యను గురించి నేడు కొంత విపులముగా ముచ్చటింపదలచినాము. ఇందులకు వేలకొలది రూపాయలు అక్కరలేదు. పదునైన కత్తి, శుభ్రమైన ఇసుక, కొంచెము నీడ, అన్నిటికంటె ముఖ్యముగా నెల రెండు నెలల ఓర్పు ఉండిన చాలును.

విత్తనమునకును కొమ్మకును గల భేదమును మొదట గ్రహింపవలెను. విత్తనము తల్లిదండ్రుల సంతానము. దానిలో రెండు మొక్కల గుణములు కలియును. ఎంత తియ్యని దానిమ్మ గింజ నాటినను మొలచిన మొక్క అంతటి తియ్యని పండునే యిచ్చునన్న పూచీ లేదు. కొమ్మ నాటినపుడు అట్లు కాదు. అది తల్లిచెట్టులోని భాగమే. రంగు, రుచి, వాసన, కాపు అన్నియు తల్లివే. అంతేకాక విత్తనపు మొక్కకంటె కొమ్మ మొక్క సాధారణముగా ముందుగా పూతకు వచ్చును.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమును కేటాయించెను. దానిమ్మ, ద్రాక్ష మున్నగువానిని కొమ్మలచే నాటవలెననియు, కొమ్మకు గోమయము పూయవలెననియు అందు చెప్పబడినది. కొమ్మకు వేరు ఎట్లు పుట్టుననుదానికి శాస్త్రీయమైన కారణము మాత్రము మిక్కిలి ఆలస్యముగా తెలియవచ్చినది. 1880లో చార్లెస్ డార్విను తన కుమారుడు ఫ్రాన్సిసుతో కలిసి గడ్డిమొలకలు వెలుతురువైపు వంగుటను పరీక్షించి, మొలక కొననుండి క్రిందికి ఏదో ప్రభావము దిగుచున్నదని ప్రకటించెను. 1928లో హాలెండు దేశమున ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు ఆ ప్రభావమునకు కారణమైన పదార్థమును ఓటు ధాన్యపు మొలకల కొనలనుండి వేరుచేసి చూపెను. దానికే ఆక్సిను అని పేరు. ఆక్సినులలో ఒకటైన ఇండోల్ ఎసెటిక్ ఆమ్లమే వేళ్లను పుట్టించు శక్తి కలదని 1935 నాటికి నిర్ధారణ అయ్యెను. ఆ సంవత్సరమే అమెరికాలో ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లము అను మరియొక పదార్థము ఇంకను మేలైన ఫలితము నిచ్చునని కనుగొనిరి. నేటికిని నర్సరీలవారు వాడు వేరుమందులలో ప్రధానమైనది అదియే.

ఇక కొమ్మ లోపల జరుగు వ్యవహారమును చూతము. ఆక్సిను ముఖ్యముగా చిగుళ్లలోను లేత ఆకులలోను తయారగును. అక్కడినుండి అది క్రిందికి దిగును. చెట్టున ఉన్నంతకాలము అది కాండముగుండా వేళ్లవరకు పోవును. కొమ్మను కోసినపుడు దారి తెగిపోవుటచే అది కోతవద్దనే నిలిచి పేరుకొనును. ముందుగా కోసిన గాయము మానుటకు అక్కడి కణములు ఒక పొరను కట్టుకొనును. పిమ్మట బెరడునకును కర్రకును నడుమ నున్న సజీవమైన పొర ప్రక్కనుండి కొన్ని కణములు తమ పూర్వపు పనిని విడిచి వేరుమొగ్గలుగా మారును. అవి బెరడును చీల్చుకొని బయటికి వచ్చును. ఒక్కొక్కప్పుడు కోతవద్ద తెల్లని బుడిపె వంటి కండ పెరుగును. దానిని చూచి వేరు వచ్చినదని సంతోషింతురు. ఆ కండ వేరు కాదు. పెక్కు జాతులలో కండ పెరుగుటకును వేరు పుట్టుటకును సంబంధము లేదు. కండ విశేషముగా పెరిగియు వేరు పట్టని కొమ్మలు కలవు. కండ లేకయే చక్కగా వేళ్లు దిగిన కొమ్మలును కలవు.

ఈ పని పూర్తియగుటకు కొన్ని వారములు పట్టును. ఆ వారములలో కొమ్మకు నీరు త్రాగుటకు వేరు లేదు. ఆకులనుండి నీరు ఆవిరియై పోవుట మాత్రము ఆగదు. రాబడి లేక వ్యయము మాత్రమే ఉన్న సంసారమువంటిది దాని స్థితి. వేరు పుట్టునందాక కొమ్మ ఎండిపోకుండను, కుళ్లిపోకుండను కాపాడుటయే మనము చేయవలసినది. ఇక చెప్పబోవు నియమములన్నియు ఈ ఒక్క సూత్రమునుండి పుట్టినవే.

మొదటి నియమము తల్లిచెట్టును ఎన్నుకొనుట. బలముగానున్నదై, తెగులు లేనిదై, మంచి కాపు చూపినదై యుండవలెను. ఆకులపై మచ్చలు, ముడుతలు, పిండినల్లి, బెరడుపై పగుళ్లు ఉన్న చెట్టు కొమ్మను ఎంత ఆప్తులు ఇచ్చినను తీసికొనరాదు. పూతమీద నున్న కొమ్మకంటె పూత లేని కొమ్మ మేలు. పూవునకు పోవు బలము వేరునకు రాదు గనుక, కోసిన కొమ్మపై మొగ్గ యుండిన త్రుంచివేయవలెను. ముదుసలి చెట్టైనచో ముందుగా ఒక కొమ్మను కత్తిరించి, అక్కడ పుట్టిన క్రొత్త చివుళ్లు కొంత ముదిరిన పిమ్మట వానిని తీసికొనుట యుక్తము. లేబ్రాయపు కొమ్మకు వేరు పట్టు శక్తి ఎక్కువ. కోయుటకు ముందురోజు తల్లిచెట్టునకు నీరు పెట్టి, మరునాడు ఎండ యెక్కకముందే కోయవలెను. అప్పుడు కొమ్మ నిండుగా నీరు పట్టియుండును.

రెండవ నియమము కొమ్మ ముదురును గుర్తించుట. కొమ్మలు మూడు విధములు. తుంచిన టక్కున విరుగు పచ్చని లేతకొమ్మ ఒకటి. తులసి, క్రోటను చిగుళ్లవంటివి దీనికి ఉదాహరణము. లేతదనము తగ్గి, వంచిన కొంచెము వంగి, క్రింద గోధుమరంగు తిరుగుచుండు నడిముదురు కొమ్మ రెండవది. మల్లెకు, మందారమునకు ఇది తగినది. బెరడు గట్టిపడి, సంవత్సరము వయస్సు గల ముదురుకొమ్మ మూడవది. దానిమ్మ, ద్రాక్ష దీనితో వచ్చును. లేతకొమ్మకు రెండు మొదలు నాలుగు వారములలోను, నడిముదురు కొమ్మకు నాలుగు మొదలు ఆరు వారములలోను, ముదురుకొమ్మకు ఆరు మొదలు ఎనిమిది వారములలోను సాధారణముగా వేళ్లు వచ్చును. లేతది త్వరగా వేరు పట్టును, త్వరగా వాడును. ముదురుది మెల్లగా వేరు పట్టును, ఓర్పుతో నిలుచును.

కాలము మాటకు వచ్చినచో, లేత, నడిముదురు కొమ్మలకు ఆషాఢ శ్రావణ మాసములు అనుకూలములు. తొలకరి తరువాత గాలిలో తేమ యుండును, వేడి తగ్గును. వైశాఖపు ఎండలలో ఈ పని పెట్టుకొనుట తగదు. కొమ్మ చుట్టును పగటివేడి 21 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడులోపు నున్నచో పెక్కు జాతులకు హాయిగా నుండును. మన ప్రాంతమున గ్రీష్మమున అట్టి చల్లదనము దుర్లభము.

మూడవది కోత. తుప్పుపట్టిన కత్తెరతో నలిపిన కొమ్మ కుళ్లును. కత్తిని వేడినీటిలో కడిగి, స్పిరిటుతో తుడిచి వాడవలెను. ఒక చెట్టునుండి మరియొక చెట్టుకు పోవునపుడు మరల తుడువవలెను. క్రింది కోతను కణుపునకు సరిగా దిగువన, అడ్డముగా కోయవలెను. కణుపు చెంత మొగ్గ యుండుటచేతను, వేళ్లు అచ్చట తరచుగా పుట్టుటచేతను అది ముఖ్యము. పై కోతను మొగ్గకు ఒక అంగుళములో సగము పైన, ఏటవాలుగా కోయవలెను. ఏటవాలు కోతపై నీరు నిలువదు. మరియొక లాభము కూడ కలదు: పెక్కు కొమ్మలు కోసినపుడు అడ్డకోత క్రిందిదనియు, ఏటవాలు కోత పైదనియు చూడగనే తెలియును. కొమ్మను తలక్రిందుగా నాటిన అది వేరు పట్టుట కష్టము. వేరు ఎప్పుడును కాండపు మొదటివైపుననే పుట్టును.

లేత, నడిముదురు కొమ్మల పొడవు నాలుగు మొదలు ఆరు అంగుళములు ఉండవలెను. ముదురుకొమ్మ ఎనిమిది మొదలు పది అంగుళములు. మూడు లేక నాలుగు కణుపులు తప్పక యుండవలెను. క్రింది భాగమున నున్న ఆకులన్నిటిని తీసివేసి, పైన రెండు మూడు ఆకులు మాత్రము నిలుపవలెను. ఆకు పెద్దదైనచో అడ్డముగా సగము కత్తిరింపవలెను. ఆకులన్నియు ఉంచిన కొమ్మ ఎండును. అన్నియు త్రుంచిన ఆహారము తయారగుటయు, ఆక్సిను పుట్టుటయు తగ్గును. నడిమి దారియే మేలు. ఆకులు రాల్చు ముదురుకొమ్మకు మాత్రము ఆకు లేకున్నను లోపల నిలువయున్న ఆహారము కొంతకాలము చాలును. క్రోటను, పాయిన్సెట్టియా వంటి పాలుగారు మొక్కల కొమ్మలను కోసినపిదప ఆ పాలు ఆగువరకు నీటిలో కడుగవలెను. చేతులకు ఆ పాలు తగులనీయరాదు.

నాలుగవది నాటు పదార్థము. పెరటిమట్టిని నేరుగా వాడుట వలన పెక్కు కొమ్మలు చెడుచున్నవి. అందులో బూజు బీజములుండును, నీరు నిలిచి గాలి ఆడదు. వేరు పుట్టునందాక కొమ్మకు ఎరువు అవసరము లేదు. పచ్చి పెంట వేసినచో కుళ్లు త్వరపడును. కడిగిన ముతక ఏటి ఇసుక శ్రేష్ఠము. ఇసుక రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపిన తేమయు గాలియు సమముగా నుండును. అడుగున చిల్లి గల మట్టికుండీయైనను, చిల్లులు పెట్టిన పాలపొట్లపు సంచియైనను చాలును. ఇసుకపై ముందుగా మరుగు నీరు పోసి చల్లార్చినచో బూజు కొంత తగ్గును. తరువాత పెన్సిలుతో గుంట చేసి, అందులో కొమ్మను దించి, చుట్టును ఇసుకను వ్రేలితో నొక్కవలెను. కొమ్మను ఇసుకలోనికి నేరుగా పొడిచినచో బెరడు గాయపడును, పూసిన మందు తుడిచిపోవును. ఒక కొమ్మ ఆకు మరియొక కొమ్మ ఆకును తాకకుండునట్లు నాటుట మంచిది.

వేరుమందు పొడిని ఇచ్చట ప్రస్తావింపవలసి యున్నది. అంగళ్లలో ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లము కలిపిన పొడులు దొరకును. లేతకొమ్మకు ఒక బలము, ముదురుకొమ్మకు హెచ్చు బలము గల పొడి ఉండును. పొట్లముపైనున్న సూచనను చదివి వాడవలెను. కొమ్మ అడుగును తడిపి, ఒక అంగుళము మేర పొడిలో ముంచి, మిగిలినది రాలునట్లు తట్టవలెను. ఎక్కువ పూసిన ఎక్కువ వేళ్లు వచ్చునను భ్రమ వలదు. మితిమీరిన మందు కొమ్మ అడుగును నల్లబరచి చంపును. కొంచెము పొడిని వేరొక పాత్రలోనికి తీసికొని వాడి, మిగిలినదానిని తిరిగి సీసాలో పోయరాదు. పిల్లలకు అందనిచోట ఉంచవలెను. మందు లేక వేరు పట్టు మొక్కలు అనేకము కలవు. మందు ఉన్నను పట్టనివియు కలవు. మందు సహాయకము మాత్రమే.

ఐదవది తేమయు నీడయు. నాటిన కుండీపై పారదర్శకమైన పాలిథీను సంచిని కప్పి, లోపల రెండు పుల్లలు నిలిపి, సంచి ఆకులకు తగులకుండ చూడవలెను. చిన్న కుండీ యైనచో గాజు జాడీని బోర్లించినను సరిపోవును. లోపలి గోడలపై సన్నని చెమట కనబడిన తేమ చాలినట్లు. రోజూ ఉదయము కొన్ని నిమిషములు సంచి తొలగించి గాలి ఆడనీయవలెను. ఎండ సూటిగా పడనిచోట, వెలుతురు మాత్రము చక్కగా వచ్చు వసారాలో ఉంచవలెను. సంచి కప్పిన కుండీని ఎండలో పెట్టినచో లోపల వేడి హెచ్చి కొమ్మలు ఉడికిపోవును. చీకటి గదిలో ఉంచినను మేలు లేదు. ఆకు ఆహారము చేయలేదు.

నీటి విషయమున మన గృహిణుల ప్రేమ కొమ్మకు ప్రాణాపాయమగుచున్నది. ఇసుకను వ్రేలితో తాకి, పొడిగా తగిలినపుడే తడుపవలెను. పిండిన నీరు కారవలెనన్న నియమము లేదు. పిడికిట పట్టిన తేమ తెలిసి, చుక్క కారకుండిన చాలును. నీరు నిలిచిన ఇసుకలో గాలి లేదు. గాలి లేని చోట వేరుమొగ్గ చనిపోవును, కుళ్లు మాత్రము పెరుగును.

ఇక ఓర్పు. నాటిన పదవనాడే కొమ్మను లాగి వేరు వచ్చినదా యని చూచుట మిక్కిలి సామాన్యమైన పొరపాటు. వేరుమొగ్గ వెంట్రుక కంటె సున్నితమైనది, లాగినంతనే తెగును. మరియొక మోసము కూడ కలదు. దానిమ్మ, గులాబి వంటివాని ముదురుకొమ్మలు వేరు పుట్టకమునుపే తమలో నిలువయున్న ఆహారముతో చిగిర్చును. ఆ చిగురును చూచి ఎండలోనికి తీయుదురు. నిలువ అయిపోయిననాడు చిగురు వాడి కొమ్మ చచ్చును. చిగురు నిలిచి, క్రొత్త ఆకులు పెద్దవై, కొమ్మను మెల్లగా పట్టుకొనినపుడు కొంత బిగువు తగిలిననాడు వేరు వచ్చినదని నమ్మవలెను. కుండీ చిల్లులగుండా తెల్లని వేరు కనబడినచో అంతకంటె నిశ్చయము లేదు.

వేరు పట్టిన మొక్కను ఒక్కసారిగా ఎండకు వదలరాదు. మొదటి మూడు దినములు సంచిని కొంచెము ఎత్తి, తరువాత సగము, వారము కడచిన పిమ్మట పూర్తిగా తీసివేయవలెను. తరువాత ఇసుక కదలకుండ వేరుముద్దతో కూడ ఎత్తి, మట్టి, బాగుగా మ్రగ్గిన పెంట, ఇసుక సమపాళ్లుగా కలిపిన కుండీలోనికి మార్చవలెను. మార్పు సాయంకాలము జరుపుట మేలు. నాలుగు వారముల వరకు పగటి ఎండ మధ్యాహ్నము తగులని చోట నుంచి, క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను.

తులసి, మనీప్లాంటు, మందారము మున్నగు కొన్ని మొక్కల కొమ్మలు సీసాలోని నీటిలోనే వేళ్లు దింపును. పిల్లలకు చూపుటకు ఇది ముచ్చటైన పని. రెండు మూడు దినములకొకసారి నీరు మార్చవలెను. నీటిలో మునిగిన ఆకులు కుళ్లును గనుక తీసివేయవలెను. నీటిలో పుట్టిన వేళ్లు ఇసుకలో పుట్టినవానికంటె సున్నితములు. ఒకటి రెండు అంగుళముల పొడవున్నపుడే మట్టిలోనికి మార్చి, తొలి దినములలో మట్టిని తడిగా నుంచుట యుక్తము.

ఇప్పుడు కొన్ని మొక్కల విశేషములు విడివిడిగా చెప్పెదము. మల్లెకు నడిముదురు కొమ్మను మూడు నాలుగు కణుపులతో తీసికొని వర్షఋతువున నాటవలెను. తీగను నేలలోనికి వంచి, నడుమ మట్టి కప్పి, కొన ఆకాశమునకు చూచునట్లు చేసి, వేరు పట్టినపిదప తల్లినుండి కోయుటను నేలంటు అందురు. చేతికి అందు తీగ ఉన్నచో కొమ్మ నాటుటకంటె ఇది నిశ్చయమైన మార్గము. దానిమ్మకు ఏడాది వయసు గల, పెన్సిలు లావు కొమ్మను ఎనిమిది పది అంగుళములుగా కోసి, సగముకంటె ఎక్కువ భాగము నేలలో నుండునట్లు నాటుదురు. ద్రాక్షకు మన ప్రాంతములలో ఆశ్వయుజ కార్తికముల కాపుకత్తిరింపునాడు రాలు తీగలే నాటుటకు పనికివచ్చును. హైదరాబాదు పరిసరములలో ఒకప్పుడు ప్రసిద్ధికెక్కిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలన్నియు ఈ విధముగా తీగనుండి తీగగా వ్యాపించినవే.

బహువార్షికపు మునగను ఒక మీటరు పొడవు, చేతి మణికట్టు లావు కర్రతో నాటుట మన పల్లెలలో అందరికిని తెలిసినదే. మూడవ వంతు నేలలో నుండవలెను, నీరు నిలువరాదు. ఇటీవలి ఏకవార్షిక మునగ రకములను మాత్రము విత్తనముతోనే పెంచుదురు. గులాబులలో నాటు రకములు, ఎడ్వర్డ్ గులాబి వంటివి కొమ్మతో తేలికగా వచ్చును. పెద్ద పువ్వుల సంకర రకములలో పెక్కింటికి తమ వేళ్లపై బలము చాలదు. అందుచే నర్సరీలవారు వానిని వేరొక గులాబి మొదటిపై కన్ను అంటుకట్టుదురు. తమలపాకు తీగను మూడు మొదలు ఐదు కణుపుల తునకలుగా కోసి, చల్లని నీడలో, తేమగల నేలలో నాటుదురు.

పట్టని వానిని గురించి కూడ చెప్పకుండుట న్యాయము కాదు. మామిడి కొమ్మ నాటి వేరు కొరకు వేచియుండుట కాలహరణము. దానికి అంటుకట్టుటయే దారి. కరివేపకు కొమ్మకంటె వేరునుండి లేచు పిలకయో, తాజా పండు గింజయో శ్రేష్ఠము. కొబ్బరికి ఒక్కటే మొవ్వ. దానిని కోసిన చెట్టే చచ్చును గాని మరియొక చెట్టు రాదు.

ఇంతవరకు చెప్పినది కొమ్మ బ్రతుకుటను గురించి. కొమ్మతో వచ్చు అపాయమును గురించి కూడ చెప్పి ముగింపవలసియున్నది. కొమ్మ తల్లి గుణములన్నిటిని తెచ్చును. తల్లి రోగమును కూడ తెచ్చును. దానిమ్మకు సోకు బాక్టీరియా మచ్చతెగులు మన దేశములో 1952లో ఢిల్లీ ప్రాంతమున గుర్తింపబడినది. 2000 తరువాతి దశాబ్దములో అది మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములలోని తోటలను తీవ్రముగా దెబ్బతీసెను. ఆకుపైనను కాయపైనను నూనె పడినట్టు మచ్చలు వేయును, కాయ పగులును. తెగులున్న చెట్టునుండి తీసిన మొక్కలవలన ఆ వ్యాధి ఒక తోటనుండి వేరొక తోటకు ప్రయాణించును. ఒక్క తల్లిచెట్టు పరీక్షలో ఏమరుపాటు చూపినచో, నాటినవాని మూడేండ్ల శ్రమయు, అప్పు తెచ్చిన సొమ్మును మచ్చలపాలగును. 2005లో షోలాపురమున స్థాపింపబడిన జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రము తెగులు లేని నాటు మొక్కలనే వాడవలెనని రైతులకు బోధించుటలో ఇదియే అభిప్రాయము.

మరియొక పాఠము ఐరోపాలో నున్నది. ఐర్లాండు ప్రజలు బంగాళాదుంపను దుంప ముక్కలతో నాటి పెంచుచుండిరి. అనగా పొలములన్నిటిలోను దాదాపు ఒకే మొక్క. 1845లో ఒక తెగులు దానిపై పడినపుడు ఎదిరించు మొక్క ఒక్కటియు లేకపోయెను. ఆ కరవున సుమారు పది లక్షలమంది మరణించిరి. ఒకే మొక్కను వేయి చోట్ల పెంచుట సౌకర్యమే. కాని ఒకే మొక్కపై అందరును ఆధారపడుట ప్రమాదము. ఇంటి పెరటికి కూడ ఈ సూత్రము వర్తించును. మల్లెలో రెండు మూడు రకములు, దానిమ్మలో రెండు రకములు ఉండవలెను. ఒక చెట్టున మచ్చ కనబడిననాడు దానినుండి కొమ్మ ఎవరికిని ఈయరాదు.

కావున ముగింపుగా మా మనవి ఇది. మీ పెరటిలో నేడు పూయుచు కాయుచు నున్న పాతచెట్టు ఏదైన ఉన్నచో, అది తెగులు లేనిదైనచో, ఈ వర్షఋతువున దానినుండి ఆరు కొమ్మలు తీసి నాటుడు. నాలుగు చచ్చినను రెండు బ్రతుకును. ఒకటి మీ కుండీలో నుంచుకొనుడు. రెండవదానిని వేరొక వీధిలో నున్న బంధువునకో, స్నేహితురాలికో ఇండు. "వదినగారూ, మీ మల్లె కొమ్మ ఒకటి ఇప్పింతురా?" అని పొరుగువారు అడిగిననాడు ఒక్క కొమ్మతో సరిపుచ్చక మూడు కొమ్మలు కోసి ఇండు. చెట్టు తల్లి ఇంట చచ్చినను ఇతరుల ఇంట బ్రతికియుండును. ఏదో ఒకనాడు, మీ మనుమరాలు తన ఇంటి మేడపై కుండీ పెట్టుకొనదలచినపుడు, ఆ పొరుగింటినుండియే ఆ కొమ్మ తిరిగి మీ ఇంటికి వచ్చును.